సరిహద్దు ఊళ్లో యాప్, బ్లాగు నడిపేవాళ్లకు ఏ టూల్స్ కావాలి, ఏవి అక్కర్లేదు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆంధ్ర సరిహద్దులో, ఒడిశా రాయగడ జిల్లా గుణుపురంలో మీరు ముగ్గురు స్నేహితులు కలిసి పికప్ బండ్లు, ట్రాక్టర్లు అద్దెకు బుక్ చేసుకునే యాప్ చేశారు. దాని పక్కనే తెలుగులో ఒక బ్లాగు నడుపుతున్నారు. ఎస్ఈఓ టూలు (సెర్చ్‌లో సైటును పైకి తేవడానికి వాడేది), డిజైన్ టూలు, ఈమెయిల్ టూలు, పోస్టులు షెడ్యూలు చేసే టూలు అన్నీ కలిపి నెలకు 6 వేల పైనే అవుతోంది. బుకింగులు మాత్రం తెలిసినవాళ్ల నుంచే వస్తున్నాయి. ఏవి ఉంచుకోవాలి, ఏవి తీసేయాలి, ప్రచారం ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ప్రశ్న.

డబ్బు కట్టే టూల్స్ అన్నీ ఈ నెలతో ఆపేయండి. గూగుల్ సెర్చ్ కన్సోల్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్, మైక్రోసాఫ్ట్ క్లారిటీ ఉంటే ప్రస్తుతానికి మీకు చాలు. నాలుగూ ఉచితమే, ఏది ఎందుకో కింద చెప్తాను. ఖర్చు పెట్టాల్సింది డొమైనుకు, హోస్టింగుకు, ఆ తర్వాత కొద్దిగా ప్రకటనలకు. అయితే వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీరు ఏ ఊళ్లో ఉన్నారో గూగుల్‌కు సరిగ్గా తెలియాలి. ఇదేం పని అనుకోకండి. మన సరిహద్దు జిల్లాల్లో ప్రచారానికి పెట్టే డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

నేను బరంపురంలో చిన్న ఆఫీసు పెట్టుకుని ఇదే పని చేస్తుంటాను. పచ్చళ్లు, అప్పడాలు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు, చీరల కొట్లవాళ్లు, కోచింగ్ సెంటర్లవాళ్లు, ఈ మధ్య మీలాంటి యాప్ కుర్రాళ్లు మా దగ్గరికి వస్తుంటారు. హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చే వీడియోల్లో చెప్పే సలహాలు తప్పని అనను. కానీ అవి ఊరంతా ఒకే భాషలో వెతికే చోటికి పనికొస్తాయి. మనకు ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఫోనులో ఇంగ్లీషు, సంతలో కువి, సవర. లెక్క వేరు.

ముందు ఊరి పేరు సంగతి. రాయగడ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి చూడండి. మహారాష్ట్రలో ఒక రాయగడ్ ఉంది, ఛత్తీస్‌గఢ్‌లో ఒక రాయ్‌గఢ్ ఉంది. ఒకటి శివాజీ కోట ఉన్న జిల్లా, ఇంకోటి ఉక్కు ఫ్యాక్టరీలున్న ఊరు. నెట్‌లో ఆ రెండిటి ముందు మనది చిన్న పేరు. మా బరంపురానికీ అదే అవస్థ. పశ్చిమ బెంగాల్లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం పేరు బహరంపూర్, ఇంగ్లీషు స్పెల్లింగులో తేడా ఒకటి రెండు అక్షరాలే. ఇక కొరాపుట్ జిల్లా జయపురం సంగతి చెప్పనే అక్కర్లేదు, రాజస్థాన్ జైపూర్ దాన్ని మింగేస్తుంది.

జయపురంలో ఒక లాడ్జి ఆయన సొంతంగా గూగుల్ యాడ్స్ పెట్టుకుని, "క్లిక్కులు బోలెడు వస్తున్నాయండీ, ఒక్క ఫోనూ రావట్లేదు" అంటూ వచ్చారు. యాడ్స్ ఖాతాలో సెర్చ్ టర్మ్స్ అనే రిపోర్టు ఉంటుంది. జనం నిజంగా ఏం టైపు చేస్తే మన ప్రకటన కనిపించిందో అందులో వరసగా వస్తుంది. తెరిచి చూస్తే హవా మహల్ దగ్గర హోటలు, జైపూర్ స్టేషన్ పక్కన రూము, అన్నీ ఇవే! అక్కడ రెండు పనులు చేశాం. రాజస్థాన్‌ను మొత్తం మినహాయింపులో పెట్టి, ఆ మాటలన్నిటినీ నెగెటివ్ కీవర్డులుగా, అంటే ఎవరైనా అవి వెతికితే మన ప్రకటన రాకుండా, చేర్చాం. రెండోది, లొకేషన్ సెట్టింగుల్లో లోతుగా దాగి ఉండే ఒక ఆప్షన్. ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే చూపించాలా, ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లకు కూడా చూపించాలా అని అడుగుతుంది. మనం ముట్టుకోకపోతే గూగుల్ రెండోదే పెట్టేస్తుంది. లాడ్జికి గిరాకీ బయటి ఊళ్ల నుంచి రావాలి కాబట్టి విశాఖ, విజయనగరం, భువనేశ్వర్, రాయపూర్ ఎంచుకుని ఆయా చోట్ల ఉన్నవాళ్లకే చూపించమన్నాం. మీ యాప్‌కు అంత తిరకాసు లేదు. గుణుపురం చుట్టుపక్కల ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ గుణుపురంలో పికప్ బండి అవసరం పడదు. మొదటి ఆప్షనే పెట్టుకోండి.

వెబ్‌సైటులో చేయాల్సింది తేలికే. మొదటి పేజీ టైటిల్లో, మొదటి పేరాలో, అడుగున చిరునామాలో గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా, 765022 అని పూర్తిగా రాయండి. ఒక్క రాయగడ అని వదిలేయకండి. ఇదే చిరునామా, ఇదే ఫోను నంబరు, ఇదే పేరు బిజినెస్ ప్రొఫైల్లో, ఫేస్‌బుక్ పేజీలో, ప్లే స్టోర్‌లో తేడా లేకుండా ఉండాలి. ఇంకో సంగతి. పర్లాకిమిడి అని మనం అంటాం, ప్రభుత్వ కాగితాల్లో పరలాఖెముండి అని ఉంటుంది. జనం రెండు రకాలుగానూ వెతుకుతారు. రెండూ పేజీలో సహజంగా వచ్చేలా రాసుకుంటే సరిపోతుంది. ఒకే పేజీలో పదిసార్లు కుక్కితే మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది, ఫలితమూ ఉండదు.

బిజినెస్ ప్రొఫైల్లో మీకు షాపు లేదు కదా అని వెనకాడకండి. వినియోగదారుడి దగ్గరికే వెళ్లే వ్యాపారమైతే చిరునామా కనపడకుండా దాచి, సేవలందించే ప్రాంతాలు 20 వరకు చూపించవచ్చు. గుణుపురం, రామనగుడ, పద్మపూర్, గుడారి, కాశీనగరం అని పెట్టుకోండి. వ్యాపారం పేరు దగ్గర "గుణుపురం బెస్ట్ పికప్ ట్రాక్టర్ రెంటల్" లాంటివి తగిలించవద్దు. బోర్డు మీద ఏ పేరుందో అదే ఉండాలన్నది గూగుల్ నియమం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలు పోవచ్చు. రివ్యూలకు డిస్కౌంటు ఆశ చూపడం కూడా నిషేధమే. బండి దిగగానే డ్రైవరు చేత అడిగించండి, తెలుగులోనో ఒడియాలోనో వాళ్లకు వచ్చిన భాషలో రాయమనండి.

జనం ఎలా వెతుకుతున్నారో వినడానికి సెర్చ్ కన్సోల్‌ను మించింది లేదు. నెలనెలా డబ్బు కట్టే ఎస్ఈఓ టూల్స్ అమెరికా, ఢిల్లీ వెతుకులాటలకు బాగానే పనిచేస్తాయి. గుణుపురం పికప్ లాంటి మాటలు కొడితే వాటి దగ్గర చాలావరకు సున్నానే కనిపిస్తుంది. గూగుల్ ట్రెండ్స్ కూడా అంతే, ఇంత చిన్న సంఖ్యలు అందులో తేలవు. ఏ మాటను ఎంతమంది వెతికారో చెప్పే గూగుల్ కీవర్డ్ ప్లానర్, యాడ్స్ నడపని ఖాతాలకు 10 నుంచి 100 అన్నట్టు అంచనాలే ఇస్తుంది. సెర్చ్ కన్సోల్ అలా కాదు, మీ సైటు కనిపించిన అసలు ప్రశ్నలనే చూపిస్తుంది. 16 నెలల వెనక్కి వెళ్లి చూడవచ్చు.

నేను చేసే పద్ధతి చెప్తాను. క్వెరీల, అంటే జనం వెతికిన మాటల, జాబితాను గూగుల్ షీట్స్‌లోకి ఎగుమతి చేస్తే 1,000 వరుసల దాకా వస్తాయి. వాటిని అక్షరక్రమంలో పెడితే ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నవి పైకి, తెలుగు లిపిలో ఉన్నవి కిందికి వాటంతటవే విడిపోతాయి, ఒడియావీ ఒక చోట చేరతాయి. ఇంగ్లీషు అక్షరాల కుప్పలో మళ్లీ రెండు రకాలు: నిజంగా ఇంగ్లీషు, ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. మన ప్రాంతంలో నేను చూసిన సైట్లలో ఆఖరి రకానిదే పెద్ద వాటా. చాలామందికి ఫోనులో తెలుగు కీబోర్డు ఉండదు. రాయగడలో ఒక కోచింగ్ సెంటరువాళ్లు పేజీకి "వృత్తి విద్యా ప్రవేశ శిక్షణా తరగతులు" అని ఘనంగా శీర్షిక పెట్టుకున్నారు. జాబితాలో ఉన్నదేమో "ఐటీఐ కోచింగ్ ఫీజ్ ఎంత", అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. శీర్షిక "ఐటీఐ కోచింగ్, రాయగడ: ఫీజు, టైమింగ్స్" అని మార్చాం. కింద ఒక ప్రశ్నను ఇంగ్లీషు అక్షరాల తెలుగులో కూడా రాశాం. ఆ పేజీకే తర్వాత ఎక్కువ ఫోన్లు వచ్చాయి.

మీ సైటుకు ఇంకా అంత డేటా లేకపోతే ఫోను తీసుకుని గూగుల్లో "గుణుపురం పికప్" వరకు మెల్లగా కొట్టి, కింద వచ్చే సూచనలు రాసుకోండి. లిపి మార్చి మళ్లీ చేయండి. ఉచితం, పది నిమిషాల పని.

బ్లాగు. రోజుకు మూడు పోస్టులు ఏఐతో రాయించి పెడుతున్నామని చెప్పారు. ఆపేయండి. ఏఐ వాడటం నేరమేమీ కాదు, నేనూ వాడతాను. కానీ ర్యాంకుల కోసం సరుకు లేని పేజీలను గుట్టలుగా పోయడాన్ని గూగుల్ 2024 మార్చిలో స్పామ్ విధానాల్లో స్పష్టంగా చేర్చింది. అది మనిషి రాసినా, యంత్రం రాసినా ఒకటే. పైగా "రవాణా రంగంలో సాంకేతికత పాత్ర" లాంటి పోస్టు గుణుపురం రైతు ఎందుకు చదువుతాడు?

మీకు తెలిసి, నెట్‌లో ఎక్కడా దొరకని విషయాలు రాయండి. పత్తి తీతల కాలంలో పికప్ అద్దె మామూలు రోజుల కంటే ఎంత పెరుగుతుంది? ట్రాక్టరు గంట లెక్కా, ఎకరం లెక్కా, ఏది ఎప్పుడు గిట్టుబాటు? నీలగిరి కర్ర జేకేపూర్ కాగితం మిల్లుకు తోలేటప్పుడు లోడింగు కూలి ఎవరు భరిస్తారు? ఒడిశా నంబరు బండి ఆంధ్రలోని భామిని వైపు దాటాలంటే ఏ కాగితాలు దగ్గర ఉండాలి? పన్ను పడే సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలని చాలామంది డ్రైవర్లకు తెలియదు, చెక్‌పోస్టు దగ్గర తెలుస్తుంది. ఈ ఒక్కొక్కటీ ఒక పోస్టు. వారానికి ఒకటి రాసినా చాలు. ఆర్టీఓ కాగితాల గురించి రాసేటప్పుడు మాత్రం ఆఫీసులో కనుక్కుని తేదీ వేసి రాయండి, నియమాలు మారుతుంటాయి.

రాయడం బద్ధకమైతే డ్రైవరును కూర్చోబెట్టి మాట్లాడిస్తూ జీబోర్డ్ వాయిస్ టైపింగులో తెలుగు పెట్టండి. ముక్కలు ముక్కలుగా వచ్చినదాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు. మాటలో ఉన్న జీవం పోదు.

ఒడియా పేజీ కావాలా అంటే, కావాలి. మీ గిరాకీలో ఒడియావాళ్లే ఎక్కువ ఉంటారు కదా. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో 2020 నుంచి ఒడియా ఉంది, మొదటి చిత్తుకు పనికొస్తుంది. కానీ పక్కింటి ఒడియా మిత్రుడి చేత చదివించకుండా పెట్టవద్దు. రెండు భాషలను ఒకే పేజీలో కలపకండి. వేర్వేరు చిరునామాల్లో పెట్టి, ఇది దాని ఒడియా రూపమని గూగుల్‌కు చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగు తగిలించండి. వర్డ్‌ప్రెస్‌లో బహుభాషా ప్లగిన్లు ఆ పని చేసిపెడతాయి.

తెలుగు బ్లాగులకు ప్రత్యేకంగా ఉండే తలనొప్పులు కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషు సలహాల్లో ఇవి కనిపించవు, అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

లింకులో తెలుగు అక్షరాలు పెట్టకండి. వర్డ్‌ప్రెస్ శీర్షికను బట్టి తెలుగులోనే లింకు చేసేస్తుంది. బ్రౌజర్లో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పెద్ద చాంతాడు అవుతుంది. కారణం ఏమిటంటే, ఒక్కో తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు కూడా, మూడేసి బైట్లు తీసుకుంటుంది. లింకులో ఒక్కో బైటుకు మూడు అక్షరాలు పడతాయి. "రాయగడ" అన్న ఒక్క మాటే 45 అక్షరాలు! అది చూసి ఇదేదో వైరస్ లింకు అని నొక్కనివాళ్లు ఉన్నారు. శీర్షిక తెలుగులో ఉంచి, లింకు మటుకు ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలతో చేత్తో రాయండి. పాత పోస్టులవి మార్చేటప్పుడు పాత లింకు నొక్కినవాళ్లు కొత్తదానికి చేరేలా రీడైరెక్టు పెట్టడం మరవకండి.

ఫాంట్లు. ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది. పేజీ మొత్తానికి అందమైన వెబ్ ఫాంటు దించితే, బిస్సంకటక్ అవతల సిగ్నలు అంతంతమాత్రంగా ఉన్నచోట పేజీ తెరుచుకునేలోపు మనిషి వెళ్లిపోతాడు. ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ కొలత. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ స్కోరు చూసుకోండి. శీర్షికలకు మాత్రం ఏదైనా వాడుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు పేరుతోనే ఒక ఫాంటు ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన మనిషి పేరు మన ప్రాంతపు సైటు మీద ఉంటే నాకైతే సరదాగా ఉంటుంది.

అచ్చు పనికి వాడే పాత అను ఫాంట్ల సమస్య ఇంకా పోలేదు. డీటీపీ సెంటరులో చేయించిన కరపత్రం వాక్యాలను బ్లాగులో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది ఫోన్లూ, సైట్లూ చదివే యూనికోడ్ పద్ధతిలో ఉండదు. కొందరు దాన్ని ఫొటో తీసి బొమ్మగా పెట్టేస్తారు. బొమ్మలో ఉన్న మాటలను నమ్ముకుని సెర్చ్‌లో పైకి రావడం కష్టం. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. మూల ఫైలే లేకపోతే గూగుల్ లెన్స్‌తో కాగితాన్ని స్కాన్ చేస్తే తెలుగు అక్షరాలు బాగానే పట్టుకుంటుంది, ఒత్తులు ఒకసారి సరిచూసుకోవాలి. పోస్టర్లకు కాన్వా ఉచిత ఖాతా చాలు. అచ్చుకు ఇచ్చే ముందు ఒత్తులు విడిపోయాయేమో పెద్దది చేసి చూడండి.

వాట్సాప్ దగ్గరే మీ అసలు గిరాకీ ఉంది. అందులో నేను అందరి చేతా చేయించే చిన్న పని ఒకటి చెప్తాను. వాట్సాప్‌లో నంబరు సేవ్ చేయకుండానే చాట్ తెరిచే లింకు ఉంటుంది కదా, దాని చివర ముందే రాసిపెట్టిన వాక్యం తగిలించవచ్చు. గుణుపురం బస్టాండు దగ్గర అతికించే పోస్టరుకు "బస్టాండు పోస్టరు చూశాను, బండి కావాలి" అని, ఎరువుల కొట్టు కౌంటరు మీద పెట్టేదానికి "ఎరువుల కొట్టులో చూశాను, బండి కావాలి" అని, సంతలో పంచే కరపత్రానికి ఇంకోటి. ఒక్కో లింకును ఒక్కో క్యూఆర్ కోడ్‌గా మార్చి అచ్చు వేయించండి. మనిషి దాన్ని స్కాన్ చేసి పంపు నొక్కితే చాలు, ఏ చోటు నుంచి ఎన్ని వచ్చాయో మెసేజే చెప్తుంది. అనలిటిక్స్ అక్కర్లేదు, టూలు అక్కర్లేదు. చాట్‌కు ఆ చోటు పేరుతో లేబులు తగిలించి నెలాఖరున లెక్క చూసుకుంటే తర్వాతి పోస్టర్లు ఎక్కడ వేయాలో తేలిపోతుంది.

క్యూఆర్ కోడ్ దగ్గర ఒక జాగ్రత్త. ఉచితం అని చెప్పే చాలా సైట్లు కోడ్‌ను తమ సర్వరు మీదుగా తిప్పుతాయి. ట్రయలు గడువు అయ్యాక అది పనిచేయదు, డబ్బు కట్టమంటాయి. అప్పటికి మీ పోస్టర్లు గోడల మీద ఉంటాయి. క్రోమ్ బ్రౌజర్ షేర్ మెనూలోనే క్యూఆర్ చేసే వీలుంది, దానికి గడువు ఉండదు. అచ్చు వేయించే ముందు పాత, చవక ఫోనుతో ఒకసారి స్కాన్ చేసి చూడండి.

బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందికే పంపగలం, అదీ మన నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయి ఉంటేనే చేరుతుంది. అందుకే మొదటి బుకింగు పూర్తయ్యాక "మా నంబరు సేవ్ చేసుకోండి, పంటల సీజనులో బండ్ల లభ్యత ముందే చెప్తాం" అని అడగండి. సాఫ్ట్‌వేరు ద్వారా మెసేజ్‌లు పంపడానికి డబ్బు కట్టి వాడే వాట్సాప్ ఏపీఐ జోలికి ఇప్పుడే పోవద్దు, అందులో మెసేజికి ఇంత అని పడుతుంది. ఎస్ఎంఎస్ అయితే వ్యాపార మెసేజ్‌లు పంపేవాళ్లకు పెట్టిన టెలికాం సంస్థల డీఎల్‌టీ నమోదు చేసుకోవాలి. పైగా ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే చోట తెలుగులో 70 పడతాయి, ఖర్చు రెట్టింపు పైనే. ఈమెయిల్ టూలుకు మీ దగ్గర పనే లేదు. ట్రాక్టరు కావాల్సినవాడు మెయిలు తెరవడు.

క్లారిటీ గురించి క్లుప్తంగా. మీ సైటులో మనిషి వేలు ఎక్కడ పెట్టాడు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ విసుగొచ్చి అదేపనిగా నొక్కాడు అన్నది వీడియోలా చూపిస్తుంది. వారానికి పది రికార్డింగులు ముగ్గురూ కలిసి కూర్చుని చూడండి. బుకింగు పేజీలో కీబోర్డు పైకి వచ్చాక "బుక్" బటను దాని కింద దాక్కుంటోందేమో ముందుగా గమనించండి, చిన్న ఫోన్లలో మామూలుగా కనిపించే లోపం అది. బాక్సుల్లో టైపు చేసిన నంబర్లు దానంతట అదే కనపడకుండా దాస్తుంది, ఆ సెట్టింగు మార్చవద్దు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కాబట్టి అవసరం లేని వివరాలు అసలు అడగకండి. బండి బుకింగుకు ఆధార్ ఎందుకు?

ఫేస్‌బుక్, ఇన్‌స్టా ప్రకటనలు. రాష్ట్రం పేరుతో లక్ష్యం పెట్టవద్దు. ఒడిశా అని పెడితే బాలాసోర్ దాకా పోతుంది, ఆంధ్ర అని పెడితే మీ ఊరే రాదు. మ్యాపులో గుణుపురం మీద పిన్ను గుచ్చి 40 కిలోమీటర్ల వ్యాసార్థంతో వలయం గీయండి. ఏటి అవతల భామిని, కొత్తూరు కూడా అందులోకి వస్తాయి. భాష దగ్గర తెలుగు అని ఎంచుకోవాలనిపిస్తుంది. వద్దు. ఫేస్‌బుక్ చూసేది ఎక్కువగా ఆ మనిషి యాప్‌ను ఏ భాషలో పెట్టుకున్నాడో. మనవాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడినా ఫోను ఇంగ్లీషులో ఉంచుకుంటారు. తెలుగు అని బిగిస్తే వాళ్లంతా జారిపోతారు. భాష గడి ఖాళీగా వదిలేసి, ప్రకటనను తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి చేయండి. చదవగలిగినవాడే ఆగుతాడు. ముందు రోజుకు రెండు మూడు వందలతో చూసి, వాట్సాప్ మెసేజ్‌లు వస్తేనే పెంచండి. లైకుల కోసం బూస్ట్ నొక్కడం మానండి.

ఇక యాప్. ఏపీకే ఫైలును (ప్లే స్టోర్ లేకుండా నేరుగా యాప్ వేసుకునే ఫైలు) వాట్సాప్ గ్రూపుల్లో పంపుతున్నామన్నారు. ఇది వెంటనే ఆపాలి. ఆర్టీఓ చలానా పేరుతో ఏపీకేలు పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలు ఊరూరా నడుస్తున్నాయి, పోలీసులు తెలియని ఏపీకేలు తెరవవద్దని చెప్తూనే ఉన్నారు. సరిగ్గా బండ్ల యజమానులకే మీరు ఏపీకే పంపుతున్నారు! తెలివైనవాడు ఎవడూ వేసుకోడు.

ప్లే స్టోర్‌కు ఒకసారి 25 డాలర్లు కడితే చాలు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు ఒక షరతు ఉంది. కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్టులో, అంటే పిలిచినవాళ్లకే తెరిచే పరీక్షలో, ఉండాలి, ఆ తర్వాతే అందరికీ విడుదల చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. టెస్టర్లను డబ్బిచ్చి తెచ్చే బేరాలు నెట్‌లో కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. మీ డ్రైవర్లనే చేర్చండి, లోపాలూ వాళ్లే చెప్తారు. స్టోర్ పేజీని తెలుగులో కూడా నింపండి. పేరుకు 30 అక్షరాలు, చిన్న వివరణకు 80, అందులోనే ఊరి పేరు రావాలి.

అసలు నన్నడిగితే యాప్ డ్రైవర్లకు మాత్రం ఉంచండి, రైతుకు వెబ్ పేజీ, వాట్సాప్ చాలు. ఏడాదికి నాలుగుసార్లు బండి కావాల్సినవాడు దానికోసం ఫోనులో చోటు ఇవ్వడు. కొత్త యాప్‌లను చూపించి ఓట్లు వేయించుకునే ప్రొడక్ట్ హంట్ లాంటి సైట్లలో లాంచ్ చేయాలా అని కూడా అడిగారు. మీ సాఫ్ట్‌వేరును వేరే ఊళ్ల రవాణా సంస్థలకు అమ్మే రోజు వస్తే చేయండి. ఇప్పుడు చేస్తే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఓట్లు వస్తాయి, రామనగుడ నుంచి బుకింగు రాదు. లోకల్ యూట్యూబర్ల చేత వీడియో చేయిస్తే బాగానే పనిచేస్తుంది, కాకపోతే డబ్బిచ్చి చేయించినదని వీడియోలో చెప్పించండి, ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే ఆ మార్గదర్శకాలు తెచ్చింది.

చివరగా స్టార్టప్ నమోదు గురించి. ముగ్గురున్నారు కాబట్టి ముందు పార్ట్‌నర్‌షిప్, ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం), ప్రైవేట్ లిమిటెడ్‌లలో ఏదో ఒకటి కావాలి. తర్వాత స్టార్టప్ ఇండియా పోర్టల్‌లో గుర్తింపుకు దరఖాస్తు చేయండి. స్టార్టప్ ఒడిశాలో నమోదు వేరుగా ఉంటుంది. మీ గిరాకీ కొంత ఆంధ్ర వైపు ఉన్నా సంస్థ చిరునామా ఒడిశాలో ఉంది కనుక ఈ రాష్ట్రం పథకాలే మీకు వర్తిస్తాయి. పేరుకు ట్రేడ్‌మార్కు ముందే వేసుకోండి. స్టార్టప్‌గానో చిన్న పరిశ్రమగానో నమోదైతే ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు 4,500 రూపాయలు, లేకపోతే కంపెనీలకు 9,000. ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదు, స్టార్టప్ ఇండియా గుర్తింపు రెండిటికీ ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు. ఎవరైనా ఫోను చేసి "సర్టిఫికెట్ చార్జీలు" అంటే కట్టకండి.

సెర్చ్ కన్సోల్ జాబితా తీశాక ఇక్కడ పెట్టండి, ఫోను నంబర్లలాంటివి తీసేసి. ఏ పేజీ ముందు సరిచేయాలో చూసి చెప్తాను.